చెయ్యి చొక్కా మీదికి పోకుండా: ఎండకీ పెళ్లికీ కొండకీ మగవాళ్ల బట్టలు

తిరుపతిలో ఏ కల్యాణమండపంలోనైనా భోజనాల హాలు గుమ్మం దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి మగవాళ్లను గమనించండి. ఒకాయన కూర్చున్న ప్రతిసారీ పొట్ట దగ్గర గుండీల మధ్య సందు విచ్చుకుంటుంది, ఎడమచేత్తో మూసుకుంటాడు. ఇంకొకాయన లేవగానే ప్యాంటు పైకి లాక్కుంటాడు. పెళ్లికొడుకు బావ పట్టుపంచె నడుము దగ్గర పట్టుకునే తిరుగుతుంటాడు, వదిలితే ఏమవుతుందో ఆయనకే తెలుసు. వీళ్లవేవీ చవక గుడ్డలు కావు. వేలు పోసి కొన్నవే. ఒంటికి కుదరలేదు, అంతే. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతున్నా సగం మనసు నడుము దగ్గరో మెడ దగ్గరో ఉంటుంది. చూసేవాళ్లకు అది బెరుకులాగా కనబడుతుంది.

కాబట్టి రంగు, బ్రాండు, ఫ్యాషను తర్వాత మాట. ముందు చూసుకోవాల్సింది ఒక్కటే: వేసుకున్నాక చెయ్యి మళ్లీ దానిమీదికి పోతోందా, లేదా.

కొత్తవి కొందామని గాంధీ రోడ్డుకు బయల్దేరే ముందు ఇంట్లో బీరువా తీయండి. ఉన్న చొక్కాలు ఒక్కొక్కటీ వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, అద్దం ముందు మూడు పనులు చేయండి. బస్సులో పైకమ్మీ పట్టుకున్నట్టు రెండు చేతులూ పైకెత్తండి. టక్ చేసిన చొక్కా మొత్తం బయటికి వచ్చేస్తే చంక కోత సరిగ్గా లేదు, లేదా పొడుగు చాలలేదు. తర్వాత కుర్చీలో కూర్చోండి. గుండీల మధ్య బనీను కనబడితే పొట్ట దగ్గర చుట్టుకొలత చాలలేదు. చివరగా చెప్పు పట్టీ పెట్టుకున్నట్టు ముందుకు వంగండి. వీపు మీద గుడ్డ బిగిసి చేతులు వెనక్కి లాగినట్టుంటే వీపు వెడల్పు చాలలేదు. మూడింట్లోనూ నెగ్గినవి ఒక కుప్ప, టైలరు బాగుచేయగలిగినవి ఒక కుప్ప, ఇక లాభం లేనివి ఇంకో కుప్ప. మొదటి కుప్పలో నాలుగైదే మిగిలితే కంగారు పడొద్దు. ఆ నాలుగైదే తిప్పితిప్పి వేసుకున్నా, బీరువాలో ఇరవై పెట్టుకుని రోజూ లాక్కోవడం కన్నా నయం.

టైలరు చేతిలో తేలికగా బాగుపడేవి: పక్కల వదులు తగ్గించడం, చేతుల పొడుగు, చొక్కా పొడుగు, ప్యాంటు అంచు, ప్యాంటు నడుము ఒకటి రెండు అంగుళాలు. బాగుపడనిది భుజం. భుజం కుట్టు జరపాలంటే చెయ్యి మొత్తం ఊడదీసి మళ్లీ కోసి అతకాలి. దానికయ్యే కూలితో చాలాసార్లు ఇంకో చొక్కా కుట్టించుకోవచ్చు.

రెడీమేడ్ కొనేటప్పుడు

అందుకే అంగట్లో ముందు చూడాల్సింది భుజమే. చెయ్యి అతికిన కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర నిలవాలి. అది చేతిమీదికి జారితే అన్న చొక్కా తమ్ముడు వేసుకున్నట్టుంటుంది. మెడ వైపు ఎక్కితే చంకలో కోసుకుపోతుంది. కాలర్ గుండీ పెట్టాక మెడకీ కాలరుకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. ఒక్క వేలే పడితే బిగుతు, మూడు పడితే టై కట్టినప్పుడు కాలరు ముడతలు పడుతుంది. నిండు చేతుల చొక్కా మణికట్టు ఎముక దాటి బొటనవేలి మొదటికి చేరాలి. పొట్టి చేతులైతే మోచేతికి 2, 3 అంగుళాలు పైనే ఆగాలి. మోచేతి మడత దాకా వచ్చిందంటే ఎంత ఖరీదైన చొక్కా అయినా చేతులు సన్నగా పుల్లల్లా కనబడతాయి. టక్ చేయకుండా వేసుకునే చొక్కా ప్యాంటు జిప్పు సగానికి దిగితే చాలు.

ఇక సైజు నంబరు దగ్గర చాలామంది మోసపోతారు. 40 అని రాసి ఉంటే అది ఒక కంపెనీకి ఛాతీ అంగుళాలు, ఇంకో కంపెనీకి కాలరు సెంటీమీటర్లు. ఒకే మనిషికి ఒకచోట 40 సరిపోయి ఇంకోచోట 40 బిగుతవడానికి అదే కారణం. దీనికి తేలిక ఉపాయం ఉంది. మీకు బాగా కుదిరిన చొక్కా ఒకటి మంచం మీద పరిచి భుజం నుంచి భుజానికి, ఒక చంక నుంచి ఇంకో చంకకి, మెడ వెనక నుంచి కింది అంచుకి టేపుతో కొలిచి ఫోనులో రాసుకోండి. ఆన్‌లైన్‌లో కొన్నా అంగట్లో కొన్నా ఆ మూడు అంకెలతోనే పోల్చండి. రాసిన సైజును నమ్మొద్దు.

టైలరు దగ్గర

పెద్ద నగరాల్లో కొలతలిచ్చి కుట్టించుకోవడం ఖరీదైన ముచ్చట. మన తిరుపతి, చిత్తూరుల్లో ఇంకా వీధికొక మిషను కనబడుతోంది. ఆ అదృష్టాన్ని వాడుకోకుండా రెడీమేడ్ వెంట పరిగెత్తడం ఎందుకో అర్థం కాదు.

ముందు గుడ్డ. 58 అంగుళాల పన్నా, అంటే గుడ్డ వెడల్పు, ఉంటే నిండు చేతుల చొక్కాకి 1.6 మీటర్లు, 36 అంగుళాల పన్నా అయితే 2.25 నుంచి 2.5 మీటర్లు పడుతుంది. ప్యాంటుకి 58 పన్నాలో 1.2 నుంచి 1.3 మీటర్లు. ఛాతీ 42 అంగుళాలు దాటినవాళ్లు, ఆరడుగుల వాళ్లు చొక్కాకి ఇంకో పావు మీటరు తీసుకోవాలి. గళ్ల గుడ్డయితే ఎవరైనా సరే ఆ పావు మీటరు ఎక్కువే కొనాలి. లేకపోతే జేబు గళ్లు ఒక దిక్కు, చొక్కా గళ్లు ఒక దిక్కు పోతాయి.

కొన్న బిట్టును నేరుగా టైలరుకి ఇచ్చేయకండి. కాటన్ గుడ్డ మొదటి ఉతుకులో నూటికి 3 నుంచి 5 పాళ్లు కుంగుతుంది. 24 అంగుళాల చెయ్యి ఒక్క ఉతుక్కి 23 అవుతుందన్న మాట. రాత్రి బకెట్లో మామూలు నీళ్లు పోసి నానబెట్టి, పొద్దున పిండకుండా నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడివ్వండి. లినెన్ కూడా అంతే. కాలర్‌లో వేసే బక్రం కూడా తడిపి ఆరేసినదే వెయ్యమని చెప్పండి. పై గుడ్డ ఒకలా, లోపలి బక్రం ఒకలా కుంగితే కాలరు మీద ముడతలు లేస్తాయి. వాటిని ఏ ఇస్త్రీ పెట్టే సరిచేయలేదు.

కొలతలిచ్చేటప్పుడు జేబులో ఫోను, పర్సు తీసేయండి. రోజూ వేసుకునే బనీను మీదే కొలిపించుకోండి. ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి పీల్చుకునే అలవాటు ప్రతి మగాడికీ ఉంటుంది, అక్కడ మాత్రం మానుకోవాలి. పొట్ట కాస్త ముందుకున్నవాళ్లు నిలబడి ఒకసారి, స్టూలు మీద కూర్చుని ఒకసారి పొట్ట కొలత ఇవ్వాలి. కూర్చున్నప్పుడు అంగుళం, రెండంగుళాలు పెరుగుతుంది, గుండీలు లాగేది అప్పుడే. ఛాతీ అసలు కొలత మీద 4 అంగుళాల వదులు చాలు. అడక్కపోతే మన టైలర్లు 6 దాకా పెడతారు.

అన్నిటికన్నా ముఖ్యం చంక. చంక కోత కిందికి దిగితే చెయ్యి ఎత్తినప్పుడల్లా చొక్కా మొత్తం దాంతోపాటు లేస్తుంది. చంకకి దగ్గరగా కోస్తే చెయ్యి ఒక్కటే కదులుతుంది, చొక్కా ఉన్నచోటే ఉంటుంది. వినడానికి తలకిందుల లెక్కలా ఉంటుంది గానీ ఒకసారి తేడా చూస్తే మళ్లీ వదులు చంక వేసుకోబుద్ధి కాదు. టైలర్లు దాన్ని కిందికి కోయడానికీ కారణముంది. చంకలో పట్టేస్తోందని తిరిగొచ్చే గిరాకీ ఉంటాడు గానీ, చొక్కా పైకి లేస్తోందని వచ్చేవాడుండడు. కాబట్టి మాట ఇలా సాగుతుంది:

"అన్నా, చంక కొంచెం పైకి కొయ్యి."

"టైటయితాది సామీ, మళ్లీ నన్నంటావు."

"అనను. కుట్టు లోపల అరంగుళం గుడ్డ వదిలిపెట్టు, ట్రయల్ చూసి చెప్తా."

ఆ అరంగుళమే బీమా. బిగుతనిపిస్తే విప్పి వదులు చేయొచ్చు, ముందే కోసి పారేస్తే చేయగలిగిందేమీ లేదు. ప్యాంటుకి నడుము వెనక కుట్టులో అంగుళంన్నర, కింది అంచు మడతలో 2 అంగుళాలు వదలమనండి. మొదటిసారి ఒక్క చొక్కానే కుట్టించండి. రెండుసార్లు ఉతికి వేసుకున్నాక నచ్చితే, అదే చొక్కా కొలతకిచ్చి మిగతావి కుట్టించుకోండి. ఒకేసారి ఆరు బిట్లిచ్చి ఆరూ ఒకే తప్పుతో తెచ్చుకున్నవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

శ్రావణంలో, సంక్రాంతి ముందు ఏ టైలరుకీ ఊపిరాడదు. పెళ్లి బట్టలైతే నెల ముందిచ్చి, ట్రయల్ పది రోజుల ముందు చూసుకోవాలి. ముహూర్తం ముందురోజు సాయంత్రం గుండీలు కుట్టించుకుంటూ అంగడి ముందు నిలబడే పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఎండ, చెమట, గుడ్డ

మే నెలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు పాలియెస్టర్ కలిసిన చొక్కా చెమటను పీల్చుకోదు, వీపుకి అంటుకుంటుంది, మధ్యాహ్నానికి వాసన కూడా వేస్తుంది. అంగడివాడు ప్యూర్ కాటనే అంటాడు. మూల ఒకటి గుప్పిట్లో పట్టి పది సెకన్లు గట్టిగా నలిపి వదలండి. ముడతలు అలాగే నిలిస్తే కాటనో లినెనో, స్ప్రింగులా విచ్చుకుంటే పాలియెస్టర్ ఎక్కువన్నట్టు. ఇంకా అనుమానముంటే ఇంటికొచ్చాక అంచులో ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. కాటన్ కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది.

చెమట మరకను రంగు దాస్తుంది, లేదా బయటపెడుతుంది. లేత బూడిదరంగు, ఆకాశనీలం చొక్కాల మీద చంక కింద తడి దూరం నుంచే కనబడుతుంది. తెలుపు, ముదురు నీలం, సన్నని చారలు, చిన్న ప్రింట్లు దాన్ని దాస్తాయి. నలుపూ దాస్తుంది గానీ ఎండను లాగుతుంది, పగటిపూట వద్దు. తెల్ల చొక్కా కింద తెల్ల బనీను వేసుకుంటే కనబడదని చాలామంది అనుకుంటారు. నిజానికి చొక్కాలోంచి భుజం పట్టీలు గీత గీసినట్టు కనబడేది తెల్ల బనీనే. ఒంటిరంగుకి దగ్గరగా ఉన్న గోధుమరంగో, బూడిదరంగో వేసుకోండి, మాయమవుతుంది.

చంకల వాసనకి మంగలి షాపులో వాడే పటిక పనిచేస్తుంది. స్నానం కాగానే తడి చంకలో నాలుగైదుసార్లు రుద్ది, పూర్తిగా ఆరాక చొక్కా వేసుకోవాలి. తడిమీదే వేసుకుంటే పటికలోని అల్యూమినియం లవణం చెమటతో కలిసి తెల్ల చొక్కా చంకలు పసుపెక్కుతాయి. స్ప్రేలు, రోల్-ఆన్‌లు చేసేదీ అదే. ఆ పసుపు మీద బ్లీచింగ్ వేయకండి, ఇంకా ముదురుతుంది. వంటసోడా 3 చెంచాలు, నీళ్లు 1 చెంచా ముద్దగా కలిపి పట్టించి, అరగంటాగి పాత బ్రష్షుతో రుద్ది ఉతకండి.

మనదగ్గర గుడ్డకి కొదవలేదు. వెంకటగిరి నేత కాటన్ పలుచగా, గాలాడేలా ఉంటుంది. వేసవి పొట్టిచేతుల చొక్కాకి అంత హాయి మరొకటి లేదు. కాకపోతే పలుచని నేత కాబట్టి ఒంటికి అతుక్కునేలా కుట్టిస్తే భుజం కుట్టు దగ్గర పోగులు జరిగి చీలుతుంది. ఛాతీకి 5 అంగుళాల వదులిచ్చి, కుట్టు రెండు వరసలు వేయించండి. రోజువారీ లుంగీలకి, పంచెలకి నగరి పవర్‌లూమ్ గుడ్డ ఉండనే ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ మీద ముచ్చటపడితే పక్కన ఇంకే డిజైనూ పెట్టొద్దు. కింద ఒకే రంగు ప్యాంటో, తెల్ల పంచో చాలు. కోసే ముందు టైలరు పక్కనే నిలబడి బొమ్మలెక్కడ పడుతున్నాయో చూసుకోండి. దేవుడి ముఖం పోయి పోయి కూర్చునేచోట పడితే జీవితాంతం ఆ చొక్కా వేసుకోలేరు. కలంకారీని విడిగా చల్లటి నీళ్లలో ఉతికి నీడలోనే ఆరేయాలి.

ప్యాంటు, బెల్టు, చెప్పులు

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ముదురు నీలం ఒకటి, బూడిదరంగు ఒకటి, ఖాకీ ఒకటి, ఈ మూడు ప్యాంట్లూ దాదాపు ఏ చొక్కా కిందైనా నడుస్తాయి. అంచు చెప్పు మీద ఒక్క చిన్న మడత పడేంత పొడుగుంటే సరి, నవంబరు వానల్లో అది కూడా అక్కర్లేదు. బెల్టు లేకుండా నిలిచే ప్యాంటే సరైన ప్యాంటు. నడుము కొలత మీద 2 అంగుళాలు కలిపితే బెల్టు సైజు, అప్పుడు మధ్య రంధ్రంలో పడుతుంది. రంగు బూట్ల రంగుకి దగ్గరగా ఉండాలి.

బూట్లు సాయంత్రం కొనండి, పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన జత సాయంత్రానికి కరుస్తుంది. గుడి దగ్గర, ఇంటి దగ్గర, ఫంక్షన్ దగ్గర పదిసార్లు విప్పే ఊరు మనది. లేసులకన్నా లోఫర్లో, తోలు చెప్పులో మేలు. విప్పాక జనం చూసేది పాదాలనే కాబట్టి గోళ్లు కత్తిరించుకోండి, సాక్సు బొటనవేలి దగ్గర చిరిగితే పారేయండి. ఒకే జత రోజూ వేయొద్దు, లోపలి చెమట ఆరడానికి ఒక రోజు పడుతుంది.

పంచె

ఏడాదికి రెండుసార్లు కట్టేవాడికి పంచె అంటే భయం. వారానికోసారి ఇంట్లో కట్టుకుని గంటసేపు తిరిగితే నెలలో పోయే భయమది.

మూర అంటే మోచేతి నుంచి నడివేలి కొస దాకా, సుమారు 18 అంగుళాలు. 8 మూరల పంచె 3.6 మీటర్ల పైచిలుకు ఉంటుంది. రెండు మడతలేసి అడ్డంగా కట్టుకోవచ్చు, విప్పి గోచీ పెట్టుకోవచ్చు. లావు మనుషులకి గోచీకట్టుకి 9 మూరలు కావాలి. పన్నా మామూలుగా 50 అంగుళాలు. ఆరడుగులవాళ్లు 54 ఉన్నది అడగాలి, లేకపోతే చీలమండలు బయటపడతాయి.

అడ్డకట్టు ఇలా. పంచెను వెనకనుంచి నడుము చుట్టూ పట్టుకుని రెండు కొసలూ ముందుకు సమానంగా తీసుకోండి. ఒక కొసను బిగుతుగా అవతలి తుంటి మీదికి తెచ్చి నొక్కిపట్టి, రెండోదాన్ని దానిమీదుగా ఇవతలికి తేండి. పై అంచును బయటికి మూడుసార్లు గట్టిగా చుట్టండి. ఇది బొడ్డు దగ్గర, తుంటి ఎముకకి పైన ఉండాలి. ప్యాంటులాగా కిందికి కట్టడమే జారడానికి మొదటి కారణం.

గోచీకట్టుకి పంచె పూర్తిగా విప్పి వెనకనుంచి తెచ్చి, బొడ్డు దగ్గర రెండు అంచులూ కలిపి గట్టి ముడి వేయండి. ఎడమచేతి వైపు గుడ్డను నాలుగు వేళ్ల వెడల్పు కుచ్చిళ్లుగా పట్టి, కాళ్ల మధ్యనుంచి వెనక్కి పంపి, నడుము మధ్యలో దోపండి. కుడివైపు మిగిలినదాన్ని కుచ్చిళ్లు పెట్టి ముందు బొడ్డు దగ్గర దోపండి, అంచు జరీ నిలువుగా పాదాల మధ్యకి దిగాలి. దోపాక ఒకసారి గొంతుకూర్చుని లేవండి. గోచీ లాగితే కుచ్చిళ్లు మరీ బిగించారన్నట్టు. వదిలేస్తే ఇంకో వేలు లోతుకి దోపాలి.

పట్టుపంచె జారుతుంది, దాని గుణమే అది. కింద కాటన్ నిక్కరు వేసుకుంటే రాపిడికి నిలుస్తుంది. మొలతాడు ఉంటే గోచీ కొసను దాని కిందనుంచి లాగి దోపండి, తాతలు చేసింది అదే. ఇవేవీ కుదరకపోతే పైన సన్నని బెల్టు, దానిమీద కండువా, ఎవరికీ తెలియదు. ఫోను మాత్రం నడుము మడతలో దోపుకోవద్దు, ఆ బరువుకే సగం పంచెలు వదులవుతాయి.

తిరుమలలో ఆర్జిత సేవలకీ, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికీ సంప్రదాయ దుస్తులు తప్పనిసరి. మగవాళ్లకి పంచె ఉత్తరీయమో, కుర్తా పైజామానో. జీన్స్, నిక్కరు, టీషర్టు పనికిరావు. టికెట్ మీద రాసింది చదివి బయల్దేరండి. అలిపిరి మెట్లు 3,550. వాటిని ఎక్కిన పంచెతోనే వరసలో నిలబడితే తడిసి తొడలు ఒరుసుకుపోతాయి. ఎక్కేందుకు పాత కాటన్ పంచె, దర్శనానికి పొడి పంచె, ఉత్తరీయం విడిగా ఒక సంచిలో ఉంచుకోండి. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున కొండమీద చలి కొరుకుతుంది. ఉత్తరీయం పలుచటి మల్లుది కాకుండా ముతకది తీసుకెళితే ఒంటిమీద నిలుస్తుంది, వెచ్చగానూ ఉంటుంది.

గుండు తర్వాత

తలనీలాలిచ్చి వచ్చాక ఓ మూడు నెలలు టోపీ వెనక దాక్కునేవాళ్లున్నారు. అక్కర్లేదు. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది, దాన్నిబట్టి లెక్క వేసుకోండి. మొదటి పది పదిహేను రోజులు తల రంగు ముఖం రంగుకన్నా తెల్లగా ఉంటుంది, ఎండకి త్వరగా కమిలిపోతుంది. పైన చందనం పూసుకున్నంత మాత్రాన సరిపోదు, బయటికెళితే ముఖానికి రాసే సన్‌స్క్రీన్ తలకీ రాయండి. గుండు మీద కాలరున్న చొక్కా బాగుంటుంది, ముఖానికి చట్రంలా పనిచేస్తుంది. గుండ్రటి మెడ టీషర్టులో తల మరీ పెద్దదిగా కనబడుతుంది. గడ్డం తీసేయనక్కర్లేదు, 3 నుంచి 5 మిల్లీమీటర్లకి ట్రిమ్ చేసి మెడ గీత శుభ్రంగా పెట్టించుకుంటే చాలు. నెల తిరిగేసరికి మంగలి దగ్గరికెళ్లి పైన ముట్టుకోకుండా చెవుల పక్క, మెడ వెనక మాత్రం సాఫు చేయించండి. అప్పుడు పెరుగుతున్న జుట్టు కాదు, కావాలని కొట్టించుకున్న క్రాపు అనిపిస్తుంది. రెండు నెలల్లో పెళ్లి ఉండి, అంతకుముందే మొక్కు తీర్చాల్సి ఉంటే ఫొటోల్లో 2 సెంటీమీటర్ల జుట్టే ఉంటుందని ముందే తెలుసుకోండి.

మరకలు, గంజి, ఇస్త్రీ

నామం, కుంకుమ, పసుపు మరకలు మన ఊరి చొక్కా కాలర్లకి తప్పవు. పసుపు అంటిన చోట సబ్బు రుద్దగానే ఎర్రబడుతుంది, చూసి భయపడి ఇంకా రుద్దుతారు. పసుపుకి క్షారం తగిలితే ఎరుపెక్కడం సహజం, పసుపులో సున్నం కలిపి కుంకుమ చేసేది ఆ గుణంతోనే. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపవుతుంది. అప్పుడు నీళ్లతో కడిగి తడిగానే ఎండలో వేయండి, రెండు మూడు పూటల్లో ఎండే దాన్ని తినేస్తుంది. బజారు కుంకుమలో కృత్రిమ రంగు కలిపి ఉంటే మాత్రం ఈ కిటుకు పారదు. ఆరిన పొడిని ముందు దులిపి, తర్వాతే నీళ్లు పోయండి. తడిచేత్తో తుడిస్తే మరక అరచేయంత అవుతుంది.

కాటన్ పంచెకి అరబకెట్ నీళ్లలో వడగట్టిన చిక్కటి గంజి ఒక గ్లాసు చాలు. ఎక్కువైతే అట్టలా నిలబడి గాలాడదు, మడతల దగ్గర పోగులు తెగుతాయి. గంజి పెట్టిన బట్టను నెలల తరబడి బీరువాలో ఉంచితే వెండిపురుగులు కొరుకుతాయి. దాచేముందు గంజి లేకుండా ఉతికి దాచండి. చొక్కా కాస్త తేమగా ఉన్నప్పుడే ఇస్త్రీ చేయాలి. కాలరు ముందు, తర్వాత భుజాలు, కఫ్‌లు, చేతులు, వీపు, ఆఖరున ముందుభాగం. కాలరు కొసలనుంచి మధ్యకి తోస్తే ముడత కొసమీద పడదు. రెడీమేడ్ చొక్కా కాలరు మీద బుడగలు లేస్తే లోపలి జిగురు వేడికి ఊడిందన్నట్టు. వేడి తగ్గించండి, వచ్చినవి పోవు గానీ కొత్తవి రావు.

చెన్నైలో ఇంటర్వ్యూ

తెల్లవారుజామున ఇస్త్రీ చొక్కాతో బస్సెక్కి నాలుగు గంటల ప్రయాణం చేస్తే చెన్నైలో దిగేటప్పటికి వీపు చిత్తు కాగితంలా ఉంటుంది. టీషర్టుతో వెళ్లండి. చొక్కా గుండీలన్నీ పెట్టి బోర్లా పరిచి, వీపుమీద మడిచిన తువ్వాలు ఉంచి, దానిచుట్టూ చేతులు, పక్కలు మడిచి, లాండ్రీవాళ్లిచ్చే పలుచటి ప్లాస్టిక్ కవరులో పెట్టండి. కవరులోని గాలి మడతలు నలగనివ్వదు. బ్యాగులో అన్నిటికన్నా పైన పెట్టాలి. దిగాక ముఖం, చంకలు కడుక్కుని ఆరాక మార్చుకోండి. సెంటు వాడితే చెవుల వెనక రెండుసార్లు చాలు. లేత నీలం చెమటను చూపిస్తుంది కాబట్టి ఆరోజుకి తెల్ల చొక్కా, ముదురు నీలం ప్యాంటు. రెండూ ముందే ఓ మూడుసార్లు ఉతికి వేసుకున్నవై ఉండాలి, కొత్త జత ఆ రోజు మొదలుపెట్టొద్దు. జేబులో చేతిరుమాలు రెండు ఉంచుకోండి, ఒకటి బస్సులోనే తడిసిపోతుంది.